జీరో బిల్లు, ఇంటి మీద సోలార్: ఏది ఎవరికి లాభం?

(హనుమకొండ సుబేదారి ప్రాంత గృహజ్యోతి లబ్ధిదారుల కోసం. చదివి, ఇంట్లో పెద్దవాళ్లకు కూడా చదివి వినిపించండి.)

గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల దాకా కరెంటు వాడే రేషన్ కార్డు కుటుంబాలకు 2024 మార్చి నుంచి జీరో బిల్లు వస్తోంది. అదే ఏడాది ఫిబ్రవరిలో కేంద్ర ప్రభుత్వం 'పీఎం సూర్యఘర్' అనే పథకం తెచ్చింది. ఇంటి పైకప్పు మీద సోలార్ ప్యానెళ్లు పెట్టుకుంటే రూ.78,000 దాకా సబ్సిడీ ఇచ్చే పథకం అది. ఒకటి రాష్ట్రానిది, ఇంకోటి కేంద్రానిది. రెండూ 'ఉచిత కరెంటు' అనే మాటతోనే జనంలోకి వచ్చాయి. దాంతో ఫోన్లలో తిరిగే మెసేజ్‌లలో రెండూ కలగాపులగం అయిపోయాయి.

ముందుగా రెండు విషయాలు తేల్చి చెబుదాం. గృహజ్యోతి రావాలంటే సోలార్ పెట్టుకోవాలన్న షరతు ఏదీ లేదు. గృహజ్యోతి పైసలు ఎవరి బ్యాంకు ఖాతాలోనూ పడవు. ఆ డబ్బు ప్రభుత్వం నేరుగా కరెంటు కంపెనీకి కడుతుంది. ఈ రెంటికీ విరుద్ధంగా ఎవరైనా చెబితే, వాళ్లకు విషయం తెలియదనో, మీకు ఏదో అమ్మాలని చూస్తున్నారనో అనుకోండి.

మీ జీరో బిల్లును ఎవరు కడుతున్నారు?

ఇప్పుడు అమల్లో ఉన్న రేట్ల ప్రకారం 200 యూనిట్లు వాడిన ఇంటికి మొదటి 100 యూనిట్లకు రూ.3.40 చొప్పున 340, తర్వాతి 100 యూనిట్లకు రూ.4.80 చొప్పున 480, మొత్తం రూ.820 కరెంటు చార్జి అవుతుంది. వందలోపే వాడే చిన్న ఇల్లయితే మొదటి 50 యూనిట్లకు రూ.1.95, ఆ పైన రూ.3.10. అంటే 100 యూనిట్లకు రూ.252.50. ఈ మొత్తాన్ని మీ బదులు రాష్ట్ర ప్రభుత్వం మన ఉత్తర డిస్కంకు కట్టాలి. నక్కలగుట్టలో విద్యుత్ భవన్ ఉంది చూశారా, ఆ డిస్కం ప్రధాన కార్యాలయం అదే.

2003 విద్యుత్ చట్టం 65వ సెక్షన్ ప్రకారం ప్రభుత్వం ఎవరికైనా రాయితీ ఇవ్వదలిస్తే ఆ సొమ్మును డిస్కంకు ముందుగానే చెల్లించాలి. ప్రభుత్వాల నుంచి ఆ డబ్బు ఆలస్యమైతే డిస్కం ఏం చేస్తుంది? అప్పు చేసి కరెంటు కొంటుంది. ఆ అప్పుకు వడ్డీ ఉంటుంది. ఒక యూనిట్ మన ఇంటిదాకా తేవడానికి అయ్యే ఖర్చు రూ.1.95 కంటే, రూ.3.40 కంటే చాలా ఎక్కువ. ఆ తేడాను కొంత ప్రభుత్వం, కొంత ఎక్కువ కరెంటు వాడే ఇళ్లు, దుకాణాలు, ఫ్యాక్టరీలు భరిస్తున్నాయి.

మరి రేట్లు పెంచొచ్చు కదా అంటారా? కరెంటు రేట్ల విషయం మన దగ్గర మామూలు విషయం కాదు. 2000 ఆగస్టు 28న హైదరాబాద్ బషీర్‌బాగ్‌లో చార్జీల పెంపుకు వ్యతిరేకంగా జరిగిన ప్రదర్శన మీద కాల్పులు జరిగాయి, మనుషులు చనిపోయారు. 2004లో వ్యవసాయానికి ఉచిత కరెంటు వచ్చింది. 2018 జనవరి 1 నుంచి తెలంగాణలో రైతులకు 24 గంటల కరెంటు మొదలైంది. ఆ తర్వాత వచ్చిన ఏ ప్రభుత్వమూ వాటిని వెనక్కి తీసుకోలేదు. గృహజ్యోతి కూడా అదే దారిలో వచ్చింది. అందుకే స్వచ్ఛ ఇంధనం మీద ఏ కొత్త విధానం తెచ్చినా, అది ముందుగా ఈ ఉచిత కరెంటు లెక్కతో కుదరాలి.

201వ యూనిట్ ఖరీదు

ఇది అందరూ తప్పకుండా చదవాల్సిన భాగం. 200 యూనిట్లు దాటితే ఆ పైన వాడిన ఒకటి రెండు యూనిట్లకే కడితే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. అలా కాదు. ఆ నెలకు మొత్తం బిల్లు మీరే కట్టాలి. పైగా రేటు కూడా మారుతుంది. 200 దాటిన ఇంటికి మొదటి యూనిట్ నుంచే రూ.5.10 పడుతుంది, 201 నుంచి 300 దాకా రూ.7.70.

కాబట్టి 200 యూనిట్లు వాడిన ఇంటికి సున్నా. 201 యూనిట్లు వాడిన ఇంటికి 1,020, దాని మీద 7.70 కలిపి రూ.1,027.70. ఫిక్స్‌డ్ చార్జి, కస్టమర్ చార్జి, విద్యుత్ సుంకం కలిస్తే ఇంకో వంద పైచిలుకు. ఒక్క యూనిట్‌కు పదకొండు వందల పైన! మార్కెట్లో ఇంత ఖరీదైన వస్తువు ఇంకోటి ఉండదేమో.

సుబేదారిలో ఎక్కువ ఇళ్లకు ఈ ఇబ్బంది ఏప్రిల్, మే, జూన్ నెలల్లోనే వస్తుంది. రోహిణి కార్తెలో ఫ్యాన్లు రాత్రింబవళ్లు తిరుగుతాయి, కూలర్ ఆగదు. ఒక లెక్క చూడండి. మామూలు సీలింగ్ ఫ్యాన్ 75 వాట్లు. మూడు ఫ్యాన్లు రోజుకు 12 గంటలు తిరిగితే 2.7 యూనిట్లు, నెలకు 81 యూనిట్లు. బీఎల్‌డీసీ ఫ్యాన్ అని షాపుల్లో దొరుకుతుంది, దాదాపు 30 వాట్లే తీసుకుంటుంది. అవే మూడు ఫ్యాన్లు బీఎల్‌డీసీవి అయితే నెలకు 32 యూనిట్ల చిల్లర. అంటే 49 యూనిట్లు తగ్గాయి. ఎండాకాలంలో 230 యూనిట్లు వచ్చే ఇల్లు 181కి దిగుతుంది. పదమూడు వందల పైన రావాల్సిన బిల్లు జీరో అవుతుంది. కొన్ని ఎండాకాలపు బిల్లుల్లోనే ఫ్యాన్ల ఖర్చు వెనక్కి వస్తుంది.

సోలార్ గురించి చెప్పాల్సిన చోట ఫ్యాన్ల గురించి చెబుతున్నారేమిటని అనుకోకండి. 200 గీతకు అటూ ఇటూ ఊగే ఇంటికి ప్యానెల్ కంటే ముందు ఫ్యానే మార్చాలి. గీజర్ కూడా చూసుకోండి. 2,000 వాట్ల గీజర్ అరగంట వేస్తే ఒక యూనిట్ అయిపోతుంది. ఏసీ ఉన్న ఇల్లయితే ఈ లెక్కలతో పని జరగదు, వాళ్ల సంగతి కింద ఉంది.

బిల్లు చేతికి రాగానే పాత రీడింగ్ తేదీ, కొత్త రీడింగ్ తేదీ చూడండి. మధ్యలో ఎన్ని రోజులున్నాయో లెక్కపెట్టండి. రోజులు మరీ ఎక్కువగా ఉండి, అందువల్లే 200 దాటిందని అనిపిస్తే 1912కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబరు తీసుకోండి.

మన కరెంటు ఎక్కడినుంచి వస్తోంది, వాతావరణంతో దానికేం పని?

భూపాలపల్లి దగ్గర చెల్పూరులో కాకతీయ థర్మల్ ప్లాంటు ఉంది. ఒక యూనిట్ 500 మెగావాట్లు, ఇంకోటి 600. పక్కనే సింగరేణి గనుల నుంచి బొగ్గు వస్తుంది. రామగుండంలో ఎన్టీపీసీ ఉంది. అక్కడే రిజర్వాయరు నీళ్ల మీద తేలే 100 మెగావాట్ల సోలార్ ప్లాంటు కూడా ఉంది, 2022లో పూర్తయింది. పొగగొట్టం పక్కనే ప్యానెళ్లు. మన రాష్ట్రం ఇప్పుడున్న పరిస్థితికి అది మంచి బొమ్మ.

బొగ్గు కాలిస్తే వచ్చే పొగ భూమిని వేడెక్కిస్తోంది. వేడెక్కిన గాలి నీళ్లను ఎక్కువ పట్టుకుంటుంది, పడితే ఒక్కసారే కుమ్మరిస్తుంది. 2023 జులైలో మన పక్కనే ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో ఒక్క రోజులో 649.8 మిల్లీమీటర్ల వాన పడింది. రాష్ట్రంలో నమోదైన రికార్డు అది. అదే వానకు భూపాలపల్లి జిల్లా మోరంచపల్లి మునిగింది. ఒక్క వానకు ఒక్క కారణం అని ఎవరూ చెప్పలేరు గానీ, ఇలాంటి వానలు, ఎండలు పెరగడానికి ఈ వేడి కారణమని శాస్త్రవేత్తలు చెబుతున్నారు. ఎండ పెరిగితే ఫ్యాన్ ఎక్కువ తిరుగుతుంది, 200 గీత ఇంకా దగ్గరకొస్తుంది.

2070 నాటికి నికర ఉద్గారాలు సున్నా చేస్తామని 2021లో గ్లాస్గో సదస్సులో భారతదేశం మాటిచ్చింది. 2025 జూన్ నాటికి దేశంలో ఉన్న మొత్తం విద్యుత్ సామర్థ్యంలో సగం బొగ్గు, గ్యాస్ లాంటివి కాని వనరులదే అయింది. అయినా నిజంగా తయారయ్యే కరెంటులో డెబ్బై శాతానికి పైగా బొగ్గుదే. సోలార్ ప్యానెల్ రాత్రి పనిచేయదు కదా. మనం ఇంటికొచ్చి టీవీ, కూలర్ వేసేది సూర్యుడు పోయాకే.

ఇంకో సంగతి. సింగరేణిలో 51 శాతం వాటా రాష్ట్ర ప్రభుత్వానిది, 49 శాతం కేంద్రానిది. దాదాపు 40 వేల మంది ఉద్యోగులున్నారు. గోదావరిఖని, భూపాలపల్లి, మందమర్రి ఊళ్లు బతికేది ఆ జీతాల మీద. బొగ్గు ఆపేయండి అనడం హైదరాబాద్ మీటింగులో తేలిక, ఈ ఊళ్లలో అంత తేలిక కాదు. అందుకే 2025 జనవరిలో స్వచ్ఛ, హరిత ఇంధన విధానం ప్రకటించి, 2030 నాటికి అదనంగా 20,000 మెగావాట్ల లక్ష్యం పెట్టుకున్న మన రాష్ట్రమే, ఇంకోవైపు నల్లగొండ జిల్లా దామరచర్ల దగ్గర 4,000 మెగావాట్ల యాదాద్రి థర్మల్ ప్లాంటు కూడా చేపట్టింది.

డబ్బు సంగతి కూడా ఇలాగే ఉంది. 2010లో టన్ను బొగ్గుకు రూ.50 చొప్పున స్వచ్ఛ ఇంధనం కోసం కేంద్రం ఒక సెస్సు పెట్టింది. 2016 నాటికి అది రూ.400 అయింది. 2017లో జీఎస్టీ వచ్చాక ఆ పైసలు రాష్ట్రాలకు జీఎస్టీ నష్టపరిహారం ఇవ్వడానికి మళ్లాయి. 2025 సెప్టెంబరులో ఆ సెస్సు ఎత్తేసి, బొగ్గు మీద జీఎస్టీని 5 నుంచి 18 శాతం చేశారు. అదే రోజు నుంచి సోలార్ ప్యానెళ్ల మీద జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి తగ్గింది. మీకు ఎవరైనా పాత పన్నుతో కొటేషన్ ఇస్తే ఈ మాట గుర్తుచేయండి.

సోలార్ ఎవరికి గిట్టుబాటు?

పీఎం సూర్యఘర్ సబ్సిడీ ఇలా ఉంది: ఒక కిలోవాట్‌కు రూ.30,000, రెండు కిలోవాట్లకు రూ.60,000, మూడు కిలోవాట్లు, ఆ పైన ఎంతైనా రూ.78,000. ఒక కిలోవాట్ ప్యానెళ్లు మన ఎండకు నెలకు 100 నుంచి 120 యూనిట్ల దాకా ఇస్తాయి. నీడ పడని చోటు దాదాపు 100 చదరపు అడుగులు కావాలి.

ఏసీ ఉండి, ఏడాది పొడుగునా నెలకు 300 యూనిట్లు వాడే ఇల్లు ఒకటి అనుకుందాం. కరెంటు చార్జి 1,020, 770 కలిపి రూ.1,790. మూడు కిలోవాట్లు పెడితే దాదాపు ఆ వాడకమంతా ప్యానెళ్లే ఇస్తాయి. ఏడాదికి ఇరవై వేల దాకా మిగులుతుంది. సబ్సిడీ పోను చేతి నుంచి లక్షా ఇరవై వేలు పడిందనుకుంటే ఆరేళ్లలో వెనక్కి వస్తుంది. ప్యానెల్ పాతికేళ్లు నడుస్తుంది, ఇన్వర్టర్ మాత్రం మధ్యలో మార్చాల్సి రావచ్చు. ఈ ఇంటివాళ్లు నిక్షేపంగా పెట్టుకోవచ్చు.

ఎండాకాలం మూడు నెలలే 200 దాటే ఇల్లు అనుకోండి. ఏడాదికి మూడు బిల్లులు, నాలుగు వేల దాకా మిగులు. దానికోసం సబ్సిడీ పోను అరవై, డెబ్బై వేలు పెట్టడం దండగ. ఫ్యాన్లు మార్చుకోండి.

నెలకు 90 యూనిట్లు వాడే ఇల్లు? ఇప్పుడు కడుతున్నది సున్నా. సోలార్ పెట్టినా కట్టేది సున్నాయే. మిగిలేది ఏమీ లేదు. పైగా అప్పు తీసుకుంటే లక్ష రూపాయలకు 7 శాతం వడ్డీతో పదేళ్లపాటు నెలకు రూ.1,161 కిస్తీ. జీరో బిల్లు ఇంటికి పదకొండు వందల కిస్తీ తగిలించుకోవడం అన్నమాట. మిగిలిన యూనిట్లు డిస్కంకు అమ్మి సంపాదించొచ్చని ఏజెంటు చెబుతాడు. ఆ రేటు, పైస్లాబులో మీరు ఆదా చేసే రేటు కంటే తక్కువ. అమ్మకం కోసం ఈ పథకం పెట్టలేదు, సొంత వాడకం కోసం పెట్టారు.

కిరాయికి ఉండేవాళ్లకు సోలార్ మాట లేదు, పైకప్పు ఓనరుది. గృహజ్యోతి మాత్రం కిరాయిదార్లకూ వర్తిస్తుంది. ఆర్ట్స్ కాలేజీ చుట్టుపక్కల కిరాయి ఇళ్లలో ఉండేవాళ్లలో రేషన్ కార్డు ఉన్నవాళ్లు ఇది గుర్తుంచుకోవాలి. ఒక కార్డుకు ఒకే మీటరు.

పైకప్పు మీది, మిగులు ఖజానాది

ఇక్కడే అసలు చిక్కు ఉంది. 200 లోపు వాడే ఇంటి మీద ప్యానెల్ పెడితే మీకు ఏమీ మిగలదు గానీ ప్రభుత్వానికి మిగులుతుంది. నెలకు రూ.820 చొప్పున ఏడాదికి రూ.9,840 దాకా డిస్కంకు కట్టే పని తప్పుతుంది. కాబట్టి ఆ ఇళ్ల మీద సోలార్ రావాలంటే పెట్టుబడి పెట్టాల్సింది లబ్ధిదారుడు కాదు, మిగులు ఎవరికో వాళ్లే. ఇది ఈ కాగితం రాసినవాళ్ల అభిప్రాయం, కానీ లెక్క మాత్రం ఎవరు వేసినా ఇంతే వస్తుంది.

ఆంధ్రప్రదేశ్‌లో ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు రెండు కిలోవాట్ల దాకా లబ్ధిదారుడి మీద ఖర్చు పడకుండా పెట్టే కార్యక్రమం తీసుకున్నారు. అక్కడి బంధువులు పంపే మెసేజ్‌లు చూసి ఇక్కడ దరఖాస్తు వెతక్కండి, అది ఆ రాష్ట్రానిది. మన రాష్ట్రంలో నాగర్‌కర్నూల్ జిల్లా కొండారెడ్డిపల్లెలో ఇళ్ల మీద మూడు కిలోవాట్ల చొప్పున పెట్టారు. అక్కడ కేంద్ర సబ్సిడీకి తోడు ఒక ప్రైవేటు కంపెనీ సామాజిక బాధ్యత నిధులు ఇచ్చింది. ప్రతి ఊరికీ అలాంటి కంపెనీ దొరకదు. మహిళా సంఘాలతో వెయ్యి మెగావాట్ల సోలార్ ప్లాంట్లు పెట్టించాలని కూడా ప్రభుత్వం ప్రకటించింది. ఆ దారిలో ఆదాయం సంఘానికి వస్తుంది, పైకప్పుతో పని ఉండదు.

డిస్కం వైపు నుంచి కూడా ఒకసారి చూడండి. సోలార్ పెట్టుకునేది ఎక్కువ బిల్లు కట్టే ఇళ్లే. వాళ్లు తప్పుకుంటే చిన్న ఇళ్ల ఖర్చులో వాళ్లు మోస్తున్న భాగం పోతుంది. ఆ లోటు ప్రభుత్వం మీదో, మిగిలిన వినియోగదారుల మీదో పడుతుంది. రేట్లు నిర్ణయించే ముందు విద్యుత్ నియంత్రణ మండలి బహిరంగ విచారణ పెడుతుంది. అక్కడ ఎవరైనా మాట్లాడొచ్చు. ఫ్యాక్టరీలవాళ్లు లాయర్లతో వస్తారు. జీరో బిల్లు ఇళ్లవాళ్లు వచ్చేది చాలా తక్కువ.

పెట్టుకోవాలనే అనుకుంటే

పీఎం సూర్యఘర్ జాతీయ పోర్టల్‌లోనే దరఖాస్తు చేయాలి. కరెంటు బిల్లు, ఆధార్, బ్యాంకు పాస్‌బుక్ దగ్గర పెట్టుకోండి. మీటరు మీ పేరు మీద ఉండాలి. ఇంకా తాతగారి పేరు మీదే ఉంటే ముందు పేరు మార్పించుకోండి, ఎక్కువ దరఖాస్తులు ఆగేది అక్కడే. పోర్టల్‌లో నమోదైన వెండరుతోనే, మన దేశంలో తయారైన ప్యానెళ్లతోనే పెట్టించాలి, లేకపోతే సబ్సిడీ రాదు. సబ్సిడీ ప్యానెళ్లు బిగించి, నెట్ మీటరు పెట్టి, తనిఖీ అయ్యాక మీ ఖాతాలో పడుతుంది. ముందే తగ్గించి ఇస్తానన్న వెండరు మాట కాగితం మీద రాయించుకోండి.

బ్యాటరీ లేని సోలార్ సిస్టమ్, కరెంటు పోయినప్పుడు తనూ ఆగిపోతుంది. లైన్ మీద పనిచేసే సిబ్బందికి షాక్ కొట్టకుండా అలా తయారుచేస్తారు. కరెంటు కోత భయంతో సోలార్ కొనేవాళ్లు ఈ మాట వినాలి. ఇంకోటి, మన దగ్గర కోతుల బెడద సంగతి మీకు తెలిసిందే. వైర్లు పైపుల్లోంచి వేయించండి, స్టాండు గట్టిగా ఉందో లేదో ఎక్కి చూడండి.

సోలార్ పెట్టాక మీ ఇంటికి గృహజ్యోతి ఎలా లెక్కిస్తారో సంతకం పెట్టకముందే మీ సెక్షన్ ఆఫీసులో అడిగి, రాతపూర్వకంగా తీసుకోండి.

జీరో బిల్లు రాకపోతే

రేషన్ కార్డు ఉండి, 200 లోపే వాడినా బిల్లు వస్తోందంటే, ఎక్కువగా ఆధార్, రేషన్ కార్డు, మీటరు సర్వీస్ నంబరు ఒకదానితో ఒకటి కలవకపోవడమే కారణం. ప్రజాపాలన దరఖాస్తులో సర్వీస్ నంబరు ఒక్క అంకె తప్పు పడినా ఇలాగే అవుతుంది. ఇల్లు మారిన కిరాయిదార్లకు పాత ఇంటి నంబరే ఉండిపోతుంది. రేషన్ కార్డు, ఆధార్, తాజా బిల్లు, ప్రజాపాలన రసీదు నకళ్లతో మున్సిపల్ కార్యాలయంలోని ప్రజాపాలన సేవా కేంద్రంలో సవరణ అడగండి. 2025లో కొత్తగా రేషన్ కార్డు వచ్చినవాళ్లు కూడా అక్కడే అడగాలి. అక్కడ పని కాకపోతే సోమవారం సుబేదారిలోని కలెక్టరేట్‌లో ప్రజావాణికి వెళ్లి దరఖాస్తు ఇచ్చి, రసీదు తీసుకోండి.

ఈ పనులు వేటికీ ఓటీపీ చెప్పనక్కర లేదు. 'జీరో బిల్లు ఆగిపోతుంది, ఈ లింకు నొక్కండి' అని వచ్చే మెసేజ్‌లోని యాప్ ఫైలును ఫోన్‌లో ఎక్కించకండి. నొక్కేసి, ఖాతాలో డబ్బు పోయినట్టయితే వెంటనే 1930కి ఫోన్ చేయండి. మొదటి గంటల్లోనే చేస్తే డబ్బు ఆపడానికి వీలుంటుంది.